మామయ్యగారు చదివిన స్కాట్లండ్

మా మామయ్యగారు పోయిన నెల ఒక మంగళవారం ఉదయం, పదకొండు గంటలప్పుడు, బెంటన్‌విల్‌లో హాస్పిటల్‌లో కన్నుమూశారు. న్యుమోనియా. ఎనభై ఒక్క ఏళ్లు. మా ఆయన కింద పార్కింగ్‌లో ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నర్స్ వచ్చి మానిటర్ ఆపి, నా భుజం మీద చెయ్యి వేసి, "మీ నాన్నగారా?" అని అడిగింది. అవునన్నాను. కాదు, మామగారు అని చెప్పి వివరించే ఓపిక లేకపోయింది.

ఆయన గురించి రాయమని మా తెలుగు చర్చి పెద్దలు అడిగారు. "నాలుగు మాటలమ్మా, చదివినవాళ్లకి ఆదరణగా ఉండాలి" అన్నారు. ఆదరణ సంగతి నాకు తెలీదు. జరిగింది రాస్తాను.

మామయ్యగారు చీరాల దగ్గర ఒక నేతపేటలో నలభై ఏళ్లు గుంటమగ్గం మీద కూర్చున్న మనిషి. ఆఫ్రికాకి ఎగుమతయ్యే గళ్ల రుమాళ్లు నేసేవారు. "కొన్ని వేల గజాలు నేశానమ్మాయ్, కట్టుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూళ్లేదు" అనేవారు. మిషన్ స్కూల్లో పదో తరగతి దాకా చదువుకున్నారు. నేతగాళ్ల సొసైటీ మూతబడి, మగ్గం గుంట పూడ్చి పైన సిమెంట్ చేయించిన ఏడాదే మా అత్తయ్య పోయింది. అప్పటికి మా ఆయన అమెరికా సిటిజన్ అయ్యాడు కాబట్టి గ్రీన్ కార్డ్ మీద ఆయన్ని ఇక్కడికి తెచ్చుకున్నాడు. తొమ్మిదేళ్ల కిందటి మాట.

బెంటన్‌విల్‌లో కారు లేనివాడికి కాళ్లున్నా లాభం లేదు. వారమంతా ఇంట్లోనే కూర్చునేవారు. శనివారం మా అమ్మాయిని స్విమ్మింగ్‌కి తీసుకెళ్తూ ఆయన్ని లైబ్రరీ దగ్గర దించేదాన్ని. మొదట్లో పేపర్లు తిరగేసేవారు. ఒక శనివారం నేను తిరిగి వెళ్లేసరికి, పెద్ద బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని, పేజీ మీద గోరుతో ఏదో లెక్కబెడుతున్నారు. అది స్కాట్లండ్ గళ్ల బట్టల పుస్తకం.

"ఏంటి మామయ్యా అది?"

"గళ్లేనమ్మాయ్," అన్నారు తల ఎత్తకుండానే. "ఎర్రవి ఇరవై నాలుగు పోగులు, నల్లవి నాలుగు, మళ్లీ ఎర్రవి. ఇదిగో, ఇక్కడ వెనక్కి తిరిగింది చూడు. పడుగెలాగో పేకా అలాగే. వీడెవడో నాకు తెలిసినవాడిలాగే నేశాడు."

అలా మొదలైంది. ఆ ఒక్క పుస్తకంతో ఆగుతుందనుకున్నాను. కానీ ఆ గళ్లు ఎక్కడివి, ఎవరివి అని వెతుక్కుంటూ ఆయన చరిత్ర పుస్తకాల్లోకి వెళ్లిపోయారు. ఒళ్లో డిక్షనరీ, బల్ల మీద పుస్తకం, పక్కన పొడుగు నోట్‌బుక్. రోజుకి నాలుగు పేజీలు కదిలేవి. మా లైబ్రరీలో ఉన్నవి అయిపోతే, కౌంటర్ దగ్గరావిడ వేరే ఊళ్ల లైబ్రరీల నుంచి తెప్పించి పెట్టేది. ఈ ఊళ్లో ఆయన పేరు పూర్తిగా, సరిగ్గా పలికిన అమెరికన్ ఆవిడొక్కతే.

ఒక సాయంత్రం నేను కూర తరుగుతుంటే కిచెన్‌లోకి వచ్చి నిలబడ్డారు.

"ఓడిపోయినందుకు వాళ్ల బట్ట వాళ్లని కట్టుకోవద్దన్నారటమ్మాయ్."

"ఎవర్ని?"

"కొండల మీది వాళ్లని. రాజు మీద తిరగబడి ఓడిపోయారు. గళ్ల బట్ట కడితే జైలట. సైన్యంలో చేరినవాడు మాత్రం కట్టుకోవచ్చట." వెళ్లబోయి వెనక్కి తిరిగారు. "రాజు కోసం చచ్చేవాడికి పరవాలేదు. ఇంట్లో బతికేవాడికి కుదరదు."

ఆ తర్వాత పుస్తకాలు ఇంకా బరువెక్కాయి. ఆ కొండల్లో మనుషులకంటే గొర్రెల వల్ల రాబడి ఎక్కువని భూస్వాములు ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించారు. తిరిగి వస్తారేమోనని ఇంటికప్పుల దూలాలు తగలబెట్టారు. దూలం మళ్లీ దొరకని దేశం అది, చెట్లు తక్కువ. జనాన్ని సముద్రపు ఒడ్డుకి నెట్టారు, ఓడలెక్కించారు. ఇవన్నీ అన్నం తింటూ చెప్పేవారు. మా ఆయన ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టేవాడు.

"నాన్నా, డిప్రెసింగ్‌గా ఉందే. వేరే ఏదన్నా చదవొచ్చుగా," అన్నాడొకసారి.

"ఎవరికైనా ఒక గొర్రె వస్తుందిరా," అన్నారు మామయ్యగారు మజ్జిగ కలుపుకుంటూ. "వాళ్లకి నిజం గొర్రె వచ్చింది. మాకు మరమగ్గం వచ్చింది. మీ ఆఫీసులోనూ ఏదో మనుషుల పని చేసేస్తోందంటున్నావుగా."

మా ఆయన ఫోన్ బల్ల మీద పెట్టాడు.

ఆయనకి ఆశ చెప్పే పుస్తకాలంటే నమ్మకం లేదు. "చివరి అధ్యాయానికి మళ్లీ చిగురించింది అని పేరు పెడతారమ్మాయ్. తీరా చదివితే అక్కడ మ్యూజియం ఉంటుంది." ఈ వంశానికి ఈ గళ్లు అని అందరూ చెప్పుకునే పట్టికలో చాలా భాగం నిషేధం తీసేశాక మిల్లులవాళ్లు, దుకాణాలవాళ్లు తయారుచేసిందేనని చదివిన రోజు ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "కట్టుకున్నవాణ్ణి కొట్టి విప్పించారు. తర్వాత అదే బట్ట కుట్టించుకుని పండగ చేసుకున్నారు" అన్నారు.

ఆ పండగ ఆయన స్వయంగా చూశారు కూడా. మాకు రెండు గంటల దూరంలో ఒక ఊళ్లో స్కాటిష్ పండగ జరుగుతుంటే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. మైదానం నిండా బ్యాగ్‌పైపుల మోత. వంశానికో టెంట్. మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్రతి టెంట్ దగ్గరా ఆగి, అడిగి మరీ బట్ట కొస పట్టుకుని చూశారు. "ఇది ఎవరు నేశారు?" అని అడిగారు. ఎవరికీ తెలీదు. ఒకాయన లేబుల్ తిప్పి చూసి, దాని మీద వేరే దేశం పేరు ఉండేసరికి సిగ్గుపడ్డాడు.

ఒక టెంట్ దగ్గర గళ్ల లంగా కట్టుకున్న పెద్దాయన తమ వంశపు కోట ఫొటో చూపించాడు. మామయ్యగారు నెమ్మదైన ఇంగ్లీషులో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడిగారు: "మీ తాతలు ఈ కోటలో ఉన్నవాళ్లా, లేక ఈ కోటవాళ్లు వెళ్లగొట్టినవాళ్లా?"

నాకు భయమేసింది. ఆ పెద్దాయన ఫొటో వంక చూసి, "నన్నెవరూ ఇది అడగలేదు సర్. నిజంగా తెలీదు," అన్నాడు.

"అందరూ కోటలోవాళ్ల మనవలమే అంటున్నారు," అన్నారు మామయ్యగారు. "మరి ఇల్లు కాలినవాడి మనవలు ఎక్కడికి పోయినట్టు?"

ఆ పెద్దాయన కుర్చీ లాగి మామయ్యగార్ని కూర్చోబెట్టాడు. ఇద్దరూ ఒక గంటసేపు పక్కపక్కన కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు కార్‌లో మామయ్యగారు, "మంచివాడే పాపం, ఏం పోయిందో కూడా తెలీనివాడు" అన్నారు.

ఇంత చీకటి చదివిన మనిషికి ఒక్కటే కోరిక ఉండేది. స్కాట్లండ్ పడమటి దీవుల్లో ఇప్పటికీ నేతగాళ్లు ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఉన్నిబట్ట నేస్తారు. ఇంట్లోనే నేయాలి, కాలితో తొక్కే మగ్గం మీదే నేయాలని చట్టం. "చట్టమమ్మాయ్" అని నాకు మూడుసార్లు చూపించారు. "ఒక్కసారి వెళ్లి వాళ్ల మగ్గం చప్పుడు వినొస్తాను. మా పేటలో చప్పుడు ఆగిపోయి చాన్నాళ్లయింది. ఎక్కడో ఉందంటే విని వస్తే చాలు."

తీసుకెళ్తానని మాట ఇచ్చాను. ఇచ్చింది నేనే, ఆయన అడగలేదు. ఆ వేసవిలో నా కాంట్రాక్ట్ పోయింది. వచ్చే ఏడాది వెళ్దాం మామయ్యా అన్నాను. ఆ మరుసటి ఏడాది కొత్త జాబ్, లీవ్ దొరకలేదు. మళ్లీ వచ్చే ఏడాదే అన్నాను. మూడో ఏటికి ఆయన కంటిచూపులో నడిమి భాగం మసకబారిపోయింది. అద్దాలతో సరయ్యేది కాదన్నాడు డాక్టర్. ఆ వేసవి నిజంగానే టికెట్స్ బుక్ చేయడానికి లాప్‌టాప్ తెరిచాను. ఆయనే వద్దన్నారు.

"విమానాలు మారాలి, ఓడెక్కాలి. చూపులేని ముసలాణ్ణి పట్టుకుని ఎక్కడ తిరుగుతావు? నువ్వు చదివి పెట్టు, చాలు."

ఆయన నన్ను నిందించి ఉంటే బాగుండేది.

అప్పట్నుంచి రోజూ ఆఫీస్ నుంచి రాగానే అరగంట చదివి వినిపించేదాన్ని. నిజం చెప్పాలంటే, మొదటి కొన్ని నెలలే శ్రద్ధగా చదివాను. తర్వాత అలసట. ఆయన మంచం మీద వెనక్కి వాలి కళ్లు మూసుకుంటే, రెండేసి పేజీలు ఒకేసారి తిప్పడం మొదలుపెట్టాను. ఒకరోజు ఊరు ఖాళీ చేయించే ఘట్టం దాటేసి, ఓడ ఎక్కించే చోటికి వచ్చేశాను.

"ముసలమ్మ ఇంటి దగ్గర ఆగలేదేం?" అన్నారు కళ్లు తెరవకుండానే.

నేను పేజీలో వేలు పెట్టి తల ఎత్తాను.

"మంచంలో ఉన్న ముసలమ్మని దుప్పటితో సహా బయటికి మోసుకొస్తారు. నేను చూపున్నప్పుడు చదివానమ్మాయ్. కళ్లు పోయాయి గాని పేజీలు ఎక్కడికీ పోలేదు." తర్వాత మెల్లగా, "అలిసిపోతే ఆపెయ్యి. దాటెయ్యొద్దు. ఆవిణ్ణి అందరూ దాటేశారు," అన్నారు.

వెనక్కి తిప్పి చదివాను. ఈసారి ఒక్క వాక్యమూ దాటెయ్యలేదు. ఆయన మంచినీళ్లు తాగమన్నారు.

ఆ కొండజనం భాష గురించి కూడా చదివించుకునేవారు. బడిలో సొంత భాష మాట్లాడితే పిల్లల్ని కొట్టేవారట. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. తాతంటే ప్రాణమే, కానీ ఆయన రెండు వాక్యాలు దాటితే దానికి అర్థమయ్యేది కాదు. "తాతా, స్లోగా చెప్పు" అనేది, కాసేపటికి "సారీ తాతా, ఐ డోంట్ గెట్ ఇట్" అనేది. ఒకరోజు ఆ భాష అధ్యాయం విన్నాక ఆయన నన్ను అడిగారు: "వాళ్లని కొట్టారు కాబట్టి పోయింది. మన పిల్లని ఎవరూ కొట్టలేదుగా అమ్మాయ్, మరి ఎలా పోయింది?"

నెపం వేయడానికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

ఆయన తెలుగులో రాసుకున్నవి నాలుగు పొడుగు నోట్‌బుక్‌లు ఉన్నాయి. పేటలో ఒకప్పుడు నేతగాళ్ల చందాలతో నడిచిన రీడింగ్ రూమ్ ఉండేది. దానికి పంపాలని, మగ్గం మీది మనిషికి అర్థమయ్యేలా స్కాట్లండ్ కథంతా రాసేవారు. చూపు పూర్తిగా మసకబారకముందు ఒక ఆదివారం, చర్చి నుంచి రాగానే, పక్కమగ్గం మీద నేసిన పాత స్నేహితుడికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టింది నేనే.

"రీడింగ్ రూమా?" అన్నాడాయన. "తీసేశారు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు. మగ్గాలు కూడా లేవు. మావాడు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు. ఎవరు చదువుతార్రా అదంతా? ఎవరికోసం రాస్తున్నావు?"

మామయ్యగారు ఆయన ఆరోగ్యం అడిగారు, పిల్లల సంగతి అడిగారు, ఉంటానని పెట్టేశారు. నాలుగో నోట్‌బుక్ ఆ వారంతో ఆగిపోయింది. సగం వాక్యం దగ్గర కూడా కాదు. వాక్యం పూర్తిచేసి, చుక్క పెట్టి, ఆపేశారు.

నేను ఆ నోట్‌బుక్‌లు టైప్ చేస్తానని అనొచ్చు, చర్చివాళ్లకి అది నచ్చుతుంది. చేస్తానో లేదో నాకు తెలీదు. వచ్చే ఏడాది అనే మాట నా నోటికి ఎంత సులువుగా వస్తుందో నాకు తెలుసు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఎవరూ అడగని ముసలమ్మ పేజీ దగ్గర ఆగడం నాకు నేర్పింది ఆయన. దాంతో ఏం చెయ్యాలో నేర్పకుండానే వెళ్లిపోయారు.

సమాధిరాయి మీద ఆయన పేరు, కింద "నేత కార్మికుడు" అని తెలుగులో చెక్కించాలని మా ఆయన పట్టుబట్టాడు. రాళ్లు చెక్కే అతను మంచివాడే. శాంపిల్ ఈమెయిల్ చేశాడు. కార్మికుడు అన్న మాట ముక్కలైపోయింది. ర ఒకచోట, మ ఒకచోట, గుడి ఎక్కడో గాల్లో, మధ్యలో అక్షరం లేని చుక్కల సున్నా. సరైనది పంపాం. రెండోసారీ అలాగే వచ్చింది. మూడోసారి ఫోన్ చేసి, "అయామ్ సారీ, నా మెషీన్ ఈ అక్షరాలు కలపడం లేదు. ఇంగ్లీష్ అయితే చాలా నీట్‌గా చేస్తాను," అన్నాడు.

ఇంకా రాయి పెట్టలేదు. నిన్న ఆఫీస్ నుంచి వస్తూ వెళ్లి చూశాను. శ్మశానం కంచె అవతల ఎవరిదో ఎండుగడ్డి పొలం. మట్టి ఇంకా కుంగలేదు. ఫ్యూనరల్ హోమ్‌వాళ్లు గుచ్చిన చిన్న ప్లాస్టిక్ పలకలో, ఇంగ్లీషులో ఆయన పేరున్న కాగితం ఉంది. వాన లోపలికి దిగి సిరా ఒక పక్కకి కారింది. మొదటి రెండక్షరాలు మాత్రం ఇంకా చదవడానికి వీలుగా ఉన్నాయి.