కొసరు బిళ్ల

పుత్తూరు రైలు స్టేషను బయట సంతోషమ్మ గాజు సీసాలో పిప్పరమెంటు బిళ్లలు అమ్ముతుంది. సీసాలో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ కొంగుకు తుడుచుకుంటుంది. తడి తగిలితే బిళ్లలు కరిగి, లాభం సీసాకే అంటుకుపోతుంది. కాణీకి అయిదు బిళ్లలు, పైన ఒకటి కొసరు. యుద్ధంతో చక్కెర ధర పెరిగాక, వీశె బిళ్లల ఖరీదును ఒక్కో బిళ్లకూ పంచి చూసుకుంది. ఆరో బిళ్ల ఇస్తే గంజికి కూడా మిగలదు. కొసరు ఆపేసింది, బేరాలూ ఆగిపోయాయి. "కొసరు లేని బేరం యాడన్నా ఉండాదా మే?" అని పక్కన వక్కలమ్మే అక్కమ్మ ఎత్తిపొడిచింది. ఇంతలో ముసురు పట్టింది. బిళ్లలు చెమర్చసాగాయి. ఇంకొక్క రోజు ఆగితే పెట్టుబడంతా ముద్దయిపోతుంది.

మరునాడు అక్కమ్మ మనవరాలు కాణీ తెచ్చింది. సంతోషమ్మ నాలుగు బిళ్లలు ఇచ్చి మూత పెట్టేసింది. పిల్ల ముఖం చిన్నబోయింది. అప్పుడు మళ్లీ మూత తీసి, ఇంకొకటి ఆ పిల్ల నోట్లోనే పెట్టి, "ఇది కొసరు" అంది. పిల్ల నవ్వుకుంటూ తోటి పిల్లల దగ్గరికి పరుగెత్తింది. అక్కమ్మ వేళ్లు మడిచి లెక్క చూసింది.

"నిన్నా అయిదే కదమే!"

"నిన్న అయిదు. ఈపొద్దు నాలుగూ, కొసరూనక్కా."

పిల్లలు గుంపుగా వస్తున్నారు. సంతోషమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది.