మా ఇంట్లో జరిగిన పళ్లెం పరీక్ష

ఈ రోజు హిందూపురం ఆస్పత్రిలో మా పది రోజుల మనవరాలికి చెవుల పరీక్ష చేశారు. మా ఇంటి డాక్టరమ్మ, అంటే మా ఆవిడ, నిన్నే పళ్లెం మీద గరిటెతో కొట్టి చూసింది. పాప ఉలిక్కిపడింది, పాసైపోయింది.

“దీనికి బాగా వినిపిస్తాదమ్మా, మళ్లా మిషనెందుకు?” అని ఈ రోజు నర్సమ్మను నిలదీసింది మా ఆవిడ.

“ఒక్క చెవి వినిపించినా ఉలిక్కిపడతారవ్వా.”

“నీ గరిటెకి డిగ్రీ లేదంట,” అన్నాను నేను.

పాప నిద్రపోయాక పరీక్ష చేస్తే కుడి చెవి పాసవలేదు.

“లోపల నీరు అడ్డముండొచ్చు. నెలకి మళ్లా తీసుకురాండి. అప్పుడూ ఇట్లే ఉంటే, మాటలు నేర్చే వయసుకి ముందే వినడానికి సాయం మొదలుపెడదాం,” అనింది నర్సమ్మ.

బస్సులో మా ఆవిడ పాప ఎడమ చెవిని తన నోటి దగ్గర పెట్టుకుని, లేపాక్షి దాకా ఆపకుండా మాట్లాడింది. ఆటపట్టించడానికి నాకు ఒక్క మాటా దొరకలేదు. మీకు దొరికితే కింద రాయండి.