చాయ వద్దన్న పెళ్లికొడుకు

ఇప్పుడు ప్రయాణం చేసే ప్రతివాడి చేతిలోనూ ఒక నీళ్ల సీసా ఉంటుంది. బస్సులో నా పక్కన కూర్చున్న పిల్లల సెల్‌ఫోన్లు టింగుమని మోగి మరీ నీళ్లు తాగమంటాయి, వాళ్లు బుద్ధిగా తాగుతారు, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. ఆ రోజుల్లో ఇదే పని నేను ఏ ఫోనూ చెప్పకుండా చేస్తే మా పాలమూరు వాళ్లు నాకు పిచ్చి పట్టిందన్నారు. ఈ అన్యాయం ఎవరికి చెప్పుకున్నా నవ్వారే గాని న్యాయం చెప్పినవారు లేరు. మీరైనా వింటారని రాస్తున్నాను.

నేను బడి మానేసింది చిన్నప్పుడే. గద్వాలలో ఒక కిరాణా కొట్లో పొట్లాలు కట్టే పనికి కుదిరాను. నా చదువంతా ఆ పొట్లాల కాగితాల మీదే సాగింది. చక్కెర పొట్లంలో రాజుల కథలు, కందిపప్పు పొట్లంలో దేశదేశాల సంగతులు, ఎండుమిరపకాయల పొట్లంలో వైద్యం (అది కళ్లనీళ్లతో చదివాను). మా సావుకారి గల్లాపెట్టె దగ్గర్నుంచి అరిచేవాడు: "పొట్లం కట్టురా అంటే పొట్లం సదువుతుండు వీడు. గిరాకి నిలవడ్డది సూడు." చదివిందల్లా గిరాకీలకు గట్టిగా వినిపించేవాణ్ణి గనక బజారంతా నన్ను పొట్లం పంతులు అనేవారు. అలా చదువుతుండగా ఒకరోజు ప్రయాణాల్లో ఆరోగ్యం కాపాడుకోవడం గురించి ఒక వ్యాసం దొరికింది. దారిలో చాయ, కాఫీ ముట్టరాదు. ఊరూరి నీళ్లు తాగరాదు. జీలకర్ర వేసి కాచిన నీళ్లు సీసాలో వెంట తీసుకుపోయి గుక్కెడు గుక్కెడు తాగాలి. నూనె వంటలు మాని నానబెట్టిన శనగలు తినాలి. అంతవరకే ఉంది. మిగతా సగం ఒక ముసలమ్మ మిరపకాయలతో సహా పట్టుకుపోయింది. ఉన్న సగాన్నే నేను వేదంలా పట్టుకున్నాను. వచ్చిన చిక్కల్లా, కొట్టు నుంచి గదికి, గది నుంచి కొట్టుకు తప్ప నాకు ప్రయాణమే లేదు.

ఆ లోటు మా మేనమామ తీర్చాడు. నాన్న లేని నాకు ఆయనే పెద్దదిక్కు. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఊళ్లో పిల్ల ఉందని, చూసి రావాలని కబురు చేశాడు. నేను ముందురోజే శనగలు నానబెట్టాను. సీసా ఒకటి కావలసి వచ్చింది. సావుకారి తమ్ముడు తాగి పారేసిన బ్రాందీ సీసాను బూడిదతో తోమి, వేడినీళ్లతో కడిగి, జీలకర్ర నీళ్లు నింపాను. జీలకర్ర కాగితే నీళ్లు ఏ రంగు వస్తాయో ఇంట్లో ఆడవాళ్లను అడగండి, చెప్తారు. ఆ రంగూ ఆ సీసా ఎంత చక్కగా కలిసిపోయాయో నాకు ఆ రోజు తట్టలేదు.

వనపర్తిలో బస్సు మారాలి. మామ బస్టాండు బయట మిరపకాయ బజ్జీలు తిని, చాయ తాగి, మీసం తుడుచుకుని నావైపు చూశాడు. నేను తడిగుడ్డ విప్పి శనగలు నములుతున్నాను.

"అల్లుడా, నువ్వు మనిషివా, గుర్రానివా?"

"ఆరోగ్యానికి మంచిది మామా."

"నీకేం రోగమొచ్చిందిరా ఇప్పుడు?"

"రాకుండ."

మామ బస్సు ఎక్కాక నాకు దూరంగా కిటికీ దగ్గర కూర్చున్నాడు.

రోడ్డు మీద దిగి ఎండలో నడిచి ఊళ్లోకి పోయాము. పిల్ల తండ్రి ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చాడు. అరుగు మీద పిల్ల అవ్వ కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. లోపల మంచం మీద నవారు కొత్తగా బిగించినట్టుంది, మేము కూర్చుంటే కిర్రుమంది. తడిగుడ్డ మూట ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను. అప్పుడే పిల్ల చాయ గ్లాసులతో వచ్చింది. పెళ్లిచూపుల్లో ఆడపిల్ల తల దించుకోవాలంటారు. ఈమె తలెత్తి ఒక్కసారి నన్ను చూసింది, తర్వాత నా ఒళ్లో మూటను చూసింది, మూటలోంచి కారి నా ప్యాంటు మీద పరుచుకున్న తడిని చూసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కరుచుకుంది. అంతే, నా పని అయిపోయింది. ఈమెను కాకుండా ఇంకెవరినీ చేసుకోనని ఆ మంచం మీదే నిర్ణయించుకున్నాను.

నిర్ణయించుకుని, ఎంతో మర్యాదగా, "నేను చాయ తాగను" అన్నాను.

మా వైపు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పిల్ల నచ్చిందని గాని నచ్చలేదని గాని పెళ్లికొడుకు నోటితో చెప్పడు. ఆమె తెచ్చిన చాయ తాగితే నచ్చినట్టు. తాగకపోతే ఇంటివాళ్లే అర్థం చేసుకుని వాకిలి దాకా సాగనంపుతారు. (ఇది ఏ పొట్లంలోనూ రాసి లేదు. నాకెట్లా తెలుస్తుంది?) పిల్ల తండ్రి ముఖం వాడిపోయింది. అయినా పెద్దమనిషి గనక, "ఎండల వడి వచ్చినవు బిడ్డా, మంచినీళ్లన్న తాగు" అన్నాడు.

"నా నీళ్లు నాకున్నయి" అని సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, గుక్కెడు తాగాను.

 పిల్ల గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మామ నా మోచెయ్యి పట్టుకుని లేపిన తీరుకు నెలరోజులు నొప్పి పెట్టింది.

రోడ్డు మీదికి వచ్చేదాకా ఆయన నోరు విప్పలేదు. వచ్చాక ఆపలేదు. పద్ధతంతా అప్పుడు చెప్పాడు. చెప్పి, "పిల్ల తండ్రి ముంగట పట్టపగలు బ్రాందీ తాగినవు గదరా" అన్నాడు.

"జీలకర్ర నీళ్లు మామా."

"నాకెర్క. వాళ్లకెర్కనా?"

అంతలో బస్సు వచ్చింది. మామ మెట్టు మీద కాలు పెట్టాడు. నేను కదలలేదు. ఎక్కితే ఆ పెదవి కరుచుకున్న పిల్ల ఇంకొకరి ఇంటికి పోతుంది. పైగా జన్మంతా నన్ను తాగుబోతనే అనుకుంటుంది. "నేను వాపసు పోత మామా" అన్నాను. కాదన్న సంబంధం గడప మళ్లీ తొక్కినవాడు మా వైపు అప్పటికి ఎవరూ లేరు. మామ కాలు దించాడు, బస్సును పొమ్మన్నాడు, కల్వర్టు గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు. "జల్ది రా" అన్నాడు అంతే.

పిల్ల తండ్రి చేనికి పోయినట్టున్నాడు. అరుగు మీద అవ్వ ఒక్కతే ఉంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఏం పిలగా, ఏమన్న మర్సిపోయినవా?"

"లేదవ్వా. చాయ తాగుదామని వచ్చిన."

"సీసాల ఐపోయిందా?"

సీసా తీసి ఆమె చేతికిచ్చాను. మూత తీసి వాసన చూసింది. మళ్లీ చూసింది. అరచేతిలో చుక్క పోసుకుని నాలుకకు రాసుకుంది. "జీలకర్ర" అంది, ఎందుకో కాస్త నిరాశగా. తలుపు వెనకాల గాజులు గలగలమన్నాయి.

"అవ్వా, కడుపునొప్పి గిట్ల ఉన్నదేమో అడుగు" అని లోపలి నుంచి మాట వచ్చింది.

"కడుపునొప్పి ఉన్నదా అని అడుగుతుంది."

"ఏ నొప్పి లేదని చెప్పవ్వా. రాకుండ తాగుతున్న. కాగితంల రాసిండ్రు."

"కాగితంల రాసిండ్రంట."

 తర్వాత అదే గొంతు, మెల్లగా: "చాయ పడకుంటే పడదనే చెప్పొచ్చు. మరి నోరున్నది గుక్కెడు నీళ్లు తాగనీకేనా? పిల్ల నచ్చిందో లేదో చెప్పనీక అక్కరకు రాదా అని అడుగవ్వా."

అవ్వ ఈసారి నాకు తిరిగి చెప్పలేదు. పల్లికాయ చాట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. గిరాకీలు ఎంతమంది ఉన్నా గుక్కతిప్పుకోకుండా వ్యాసాలు వినిపించిన పొట్లం పంతులుకు ఆ వేళ మాట రాలేదు. చివరికి, "పిల్ల నచ్చిందవ్వా. చాయే పడదు" అన్నాను.

"తాగకముందే పడదని ఎట్ల తెల్సిందో అడుగు. నేనే చేసిన."

నేను చెయ్యి చాపాను, తలుపు సందులోంచి గ్లాసు వచ్చింది. మళ్లీ వెచ్చబెట్టిన ఆ చాయ పొగ వాసన కొట్టింది, బెల్లం ఎక్కువైంది. అడుగుదాకా తాగాను. గ్లాసు కింద పెడుతుండగా పిల్ల తండ్రి వాకిట్లోకి వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. "ఏందమ్మా ఇది?" అన్నాడు తల్లితో.

అవ్వ మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. "చాయ తాగిండు" అంది.

ఆయన నన్ను చూశాడు, ఖాళీ గ్లాసును చూశాడు. తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "మీ మామ యాడున్నడు?" అని అడిగాడు. ఆ గొంతు అప్పటికే మారిపోయింది.

మామ కల్వర్టు మీద ఎండకు మాడి నల్లబడి ఉన్నాడు. ఆ రోజు ఆయన మరో రెండు గ్లాసుల చాయ తాగాడు, నా వంతు కూడా కలుపుకుని.

మొన్న నేనూ మా ఆవిడా వనపర్తి నుంచి గద్వాలకు బస్సులో వస్తున్నాము. ఆమె మోకాళ్లు చూపించుకోవడానికి దవాఖానకు పోయి తిరిగొస్తున్నాము. పనిలో పనిగా డాక్టరు నన్నూ చూసి, నా కాళ్లలో రక్తం సరిగా తిరగడం లేదని, బస్సులో ఒక్కచోటే కూర్చోకుండా మధ్యమధ్య లేచి నిలబడాలని గట్టిగా చెప్పాడు. మంచి సలహా. నేనైతే ఏనాడో చెప్పేవాణ్ణి. పెబ్బేరు దాటకముందే ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే గాలికి ఆమె తెల్లజుట్టు నా కళ్లలో పడింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. పక్క సీటు పిల్లవాడు, "తాతా, జర లేసి నిలవడు, ఇబ్బంది పడుతున్నవు" అన్నాడు.

ఫర్వాలేదని చెయ్యి ఊపాను. గద్వాల వచ్చేదాకా లేవలేదు.