దొరల స్తంభంలో పన్నెండడుగులు

పడవలు పదకొండు పోయాయి. ఇళ్ల రేకులు నలభై మూడు కప్పులవి. వలల లెక్క తేలలేదు. ఒడ్డున ఉన్న రాతి స్తంభం పైభాగం, పన్నెండడుగులు. అప్పటికి మనుషులెవరూ పోలేదు.

తుపాను దాటిన మర్నాడు ఉదయం ఏడింటికి మా ఇంజనీర్ల దళం భావనపాడుకు దక్షిణాన ఉన్న ఆ చిన్న ఊళ్లో దిగింది. జల్లు పడుతూనే ఉంది. రెండు లారీలు, మూడు చైన్ రంపాలు, ఒక రేడియో సెట్టు, ఒక కెప్టెన్. నేను హవల్దారుని. మాది శృంగవరపుకోట వైపు సేద్యపు కుటుంబం. దళంలో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి రెండు వైపుల తిట్లూ నాకే అందాయి.

దొరల కాలంలో అక్కడ ఒక పటాలం ఉండేదట. మందుగుండు కొట్టు గోడలు, పేర్లు చెరిగిన సమాధులు, జెండా ఎగరేసిన స్తంభం మిగిలాయి. జెండా పోయాక స్తంభాన్ని జాలర్లు తీసుకున్నారు. ఏటా వేట నిషేధం ముగిసే ముందు దానికి సున్నం కొడతారు. ఇదంతా మాకు ఎవరూ ముందు చెప్పలేదు.

రేడియోలో ఉత్తర్వు వచ్చింది. "నిలబడ్డ భాగం రక్షిత కట్టడం. ముట్టుకోవద్దు. పడిపోయింది శిథిలం. దారికి వాడండి."

ఊరి దారి కోసుకుపోయి బియ్యం లారీ అవతలే ఆగింది. పడిన రాళ్లను, అలవాటు కొద్దీ, టేపుతో కొలిచాను. తర్వాత సమ్మెటలతో పగలగొట్టి గండిలో పోశాం. మధ్యాహ్నానికి బియ్యం వచ్చాయి. తీసుకోవడానికి ఒక్కరూ రాలేదు.

నీలమ్మ అనే ఆవిడ మాత్రం వచ్చింది, ఖాళీ చేతులతో.

"రాళ్లేవి బావూ?"

"దారి కింద ఉన్నాయమ్మా."

"దారి కిందేటి? అది మా గురుతు."

"బియ్యం వచ్చాయి కదా."

"బియ్యం నాను తింతాను. మా ఆయన దేన్ని సూసి వస్తాడు?"

అప్పుడు బోధపడింది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర రెండు వైపులా ఇసుక మేటలు. సముద్రం మీంచి చూస్తే స్తంభమూ, వెనక మెరక మీది తాటిచెట్టూ ఒకే గీతలో కనబడాలి. ఆ గీత తప్పితే పడవ మేట మీద బోల్తా. మిగిలిన తొమ్మిదడుగుల మొండెం ఇసుక దిబ్బ చాటున ఉంది. తుపానుకు ముందే ఒడిశా రేవుకు వెళ్లి తలదాచుకున్న రెండు పడవలు ఆ సాయంత్రం తిరిగి రావాలి. ఒకదాంట్లో ఆమె భర్త. సెల్ టవర్లు పడిపోయాయి, కబురు చేసే దారి లేదు.

కెప్టెన్‌కు హిందీలో చెప్పాను. పక్కన వెదురుగడ పాతమన్నాడు. ఆమెకు తెలుగులో చెప్పాను.

"పక్కనెడితే పడవ పక్కకే పోతాది," అని వెనకే వచ్చిన తోడికోడలి వైపు తిరిగింది. "ఒసే, సూడే, పటాలపోళ్లు ఏటి మొగని జరుపుతారంట."

మళ్లీ రేడియో తీశాం.

"స్తంభం మీద గడ బిగించడానికి అనుమతి కావాలి."

"రక్షిత కట్టడం. మేకు కొట్టొద్దు, తాడు కట్టొద్దు."

"చేత్తో పట్టుకోవచ్చా?"

"చేతుల గురించి ఉత్తర్వేమీ లేదు. ఓవర్."

నాలుగింటికి నిచ్చెన వేసి ఎక్కాం. వెదురుగడ చివర తెల్లటి డేరాగుడ్డ కట్టాం. పైన ముగ్గురికే చోటు: లారీ డ్రైవరు, నేను, నీలమ్మ. దిగమంటే ఆమె దిగలేదు. గాలికి గడ ఊగుతోంది.

"కుడికి వాల్సకు బావూ. నీ సెయ్యి వణికితే ఆడి పడవ వణుకుతాది."

ఐదున్నర దాటాక పడవలు కనిపించాయి. ముందుది ఒకసారి పక్కకు తిరిగింది. పడవ మళ్లీ గీతలోకి వచ్చి మొగలో దూరింది. దాని వెనకే రెండోది.

భర్త ఒడ్డుకు దిగి పైకి చూశాడు. "స్తంభానికి సీర కట్టినారేటే?"

"రాళ్లు దారిలో ఉన్నాయి. ఏరుకో," అంది.

ఆ రాత్రి అందరూ బియ్యం పట్టుకెళ్లారు.

స్తంభాన్ని మళ్లీ కట్టించమని రాసి పంపాం. రక్షిత కట్టడం ఎత్తు పెంచకూడదని జవాబు వచ్చింది. పని ముగించుకుని మా లారీ ఆ రాళ్ల మీదుగానే, ఎగిరెగిరి పడుతూ, వెనక్కి వచ్చింది.

పదవీ విరమణ తర్వాత ఒకసారి వెళ్లాను. దారికి తారు వేశారు. ముసురు రోజుల్లోనూ పడవలొచ్చే వేళకు ఆడవాళ్లు వంతులవారీగా స్తంభం ఎక్కి గడ పట్టుకుంటున్నారు.

నాకు మాత్రం ఇప్పటికీ నా బూట్ల మధ్య నీలమ్మ పాదాలే కనిపిస్తాయి: వేళ్లతో రాతిని పట్టుకుని, మడమల దాకా తడి సున్నంతో. స్తంభం తొమ్మిదడుగుల దగ్గరే ఉంది. పన్నెండు ఇంకా బాకీ.