తనిఖీకి ముందు సున్నం

తెలంగాణ ఏర్పడిన కొత్తల్లో, ఒక వానాకాలం, నాకు ఇబ్రహీంపట్నం అప్పగించారు. ఊళ్ల విశేషాలను సందర్శకులకు చూపించే ప్రభుత్వ విభాగంలో సహాయ అధికారిని. పని పేరు నడకదారి. అంటే రెండు గంటల్లో కాలినడకన చూడగల అంగడి, పాత కట్టడాలు, కళ వెతికి పటం గీయడం. సాగర్ రోడ్డు మీద ప్లాట్లు తప్ప చూడటానికేముందని ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వి బస్సెక్కాను.

మొదటి చుట్టు ఒక్కడినే తిరగాలి. డిపో దగ్గర మొదలుపెట్టి, కూరగాయల అంగడి, గాజుల దుకాణాలు దాటి, వెంచర్లవాళ్లు అంటగట్టిన నాలుగు కరపత్రాలు జేబులో కుక్కుకుని తాతల కాలపు రాతి చర్చి చేరాను. లోపలి గోడ మీద ఏసుప్రభువు గొర్రెపిల్లను ఎత్తుకుని నిలబడ్డాడు. భుజాన గొంగడి, కాళ్లకు కిర్రుచెప్పులు. అచ్చం మన గొర్లకాపరే. నా ఉద్యోగకాలంలో అంత మంచి బొమ్మ చూడలేదు.

గీసింది అంగడిలో బోర్డులు రాసే ఖాజా. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన రాసిన బోర్డులన్నీ పోయాయి, మిగిలింది ఈ గోడే. అంగడికి వెళ్లి ఆయన్ను కలిసి, నడకదారి జాబితాకెక్కితే బొమ్మ కింద ఆయన పేరుతో పలక పెడతామని చెప్పాను.

"పేరు జర పెద్దగ రాయించుండ్రి సార్. నా బీవికి సూపు ఆనది" అన్నాడు.

రెండో చుట్టుకు పై అధికారి వస్తారు. పద్ధతి ప్రకారం చూడబోయే చోట్లకు వారం ముందు లేఖ పంపాలి. పంపాను. అందులో చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: 'తగు ఏర్పాట్లు చేసి ఉంచవలెను.' దాన్నెవరు చదువుతారులే అనుకున్నాను. చర్చి పెద్ద రత్నమయ్య చదివాడు.

మేం వెళ్లేసరికి గోడ తెల్లగా మెరుస్తోంది. కాపరి లేడు, గొర్రెపిల్లా లేదు.

"సారోళ్లు వస్తున్నరని మూడుసార్లు సున్నమేపిచ్చిన. మురికి గోడ జూపిస్తె ఇజ్జత్ పోదా?" అన్నాడు రత్నమయ్య, మా అధికారి మెడలో దండ వేస్తూ.

ఖాజా ఇస్త్రీ చొక్కాతో ఆ గోడ పక్కనే నిలబడి ఉన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదేనని ఒప్పుకుని, మళ్లీ గీయగలవా అని అడిగాను.

"గీస్త సార్. గని ఈపారి మీరు కాయితం పంపకుండ్రి."

నివేదికలో 'స్థితి' అనే గడి ఉంటుంది. 'లేఖ అందే వరకు బాగుండెను' అని నింపాను. అధికారి అది కొట్టేసి 'పరిశుభ్రం' అని రాశారు. పలక రాలేదు.

మరుసటేడు చెప్పకుండా వెళ్లాను. కాపరి మళ్లీ నిలబడ్డాడు. కింద ఖాజా తన పేరు తానే రాసుకున్నాడు, కిరాణా దుకాణం బోర్డంత అక్షరాలతో. రత్నమయ్య అడ్డు చెప్పలేదట.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఊరికైనా ముందు నేను వెళ్లాను, లేఖ తర్వాత వెళ్లింది.