బేల్దారి దేవరాజు నక్షత్రం

నవంబరు ఆఖరి ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసింది. మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న దేవరాజు భుజమ్మీద ఇస్సాకు చెయ్యి వేశాడు. ఇస్సాకు ఆళ్లగడ్డ సంఘానికి పెద్ద. క్రిస్మస్ పాటలకు ఏ వీధి ముందు పోవాలో, ఏ ఇంట్లో టీ తాగాలో నిర్ణయించేది ఆయనే.

"ఏమప్పా దేవరాజూ, స్టారు మొదలుపెట్టినావా?"

దేవరాజు చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు ఇంకాస్త వంగాడు.

"ఈ ఏడు మీ ఇంట్లో అట్లయిపాయ గదా, నిన్ను అడగొద్దనే అనుకున్న్యా. పాస్టరయ్యగారే అడగమన్న్యాడు. పనిలో పడితే మనిషి తేరుకుంటాడంట."

"చేస్తాలేన్నా," అన్నాడు దేవరాజు.

ఏటా ఇదే మెట్ల మీద అనే మాట. అలవాటు కొద్దీ నోరు అనేసింది. వీధి మలుపు తిరిగాక గానీ అతనికి అర్థం కాలేదు, ఏం ఒప్పుకున్నాడో.

దేవరాజు బేల్దారి మేస్త్రీ. అతను కట్టిన గోడకు రసమట్టం పెట్టి చూడనక్కర్లేదని తోటి మేస్త్రీలే అంటారు. సంఘంలో మాత్రం అతనికి పేరొచ్చింది గోడల వల్ల కాదు, నక్షత్రం వల్ల. డిసెంబరులో పాటలు పాడేవాళ్ళ ముందు కర్రకు కట్టి పట్టుకుపోయే నక్షత్రం. ఎర్ర కాగితం మీద సూదితో పొడిచిన చిల్లులు. పగలు చూస్తే ఏమీ కనపడదు. సాయంత్రం లోపల బల్బు వెలిగితే ఒక్కో కోణం మీద సన్నజాజి తీగ పాకుతుంది. చాగలమర్రి నుంచి వచ్చిన చుట్టాలు కూడా దాని కింద నిలబడి ఫొటోలు దిగేవారు.

"బేల్దారోని చెయ్యి! ఆ కుదురు ఇంకెవురికొస్తాది?" అనేవారు.

ఆ చెయ్యి దేవరాజుది కాదు. అతని భార్య సువార్తమ్మది.

వెదురు బద్దలు చీల్చి, బైండింగు తీగతో చట్రం కట్టడం అతని వంతు. తక్కినదంతా ఆమె చేసేది. మైదా గంజి కాచి, పురుగు పట్టకుండా మైలుతుత్తం చిటికెడు కలిపేది. కాగితం మడిచేది, కత్తిరించేది, అంటించేది, సూది పట్టుకుని ఒక్కో రేకా పొడిచేది. ఆ వేళంతా దేవరాజు పక్కనే మంచమ్మీద పడుకుని సెల్‌ఫోను చూసుకునేవాడు. మధ్యలో, "ఇంకా కాలేదా?" అనేవాడు.

పెళ్ళయిన కొత్తలో మొదటి నక్షత్రాన్ని గుడికి మోసుకుపోయింది అతనే. "ఎవురు చేసినారప్పా?" అని ఇస్సాకు అడిగితే, "మేమే" అన్నాడు. ఆ "మేమే"లో సువార్తమ్మ ఉంది. మరుసటేడు అదే ప్రశ్నకు నవ్వి ఊరుకున్నాడు. ఆ పై ఏడు ఎవరూ అడగలేదు, అందరికీ తెలిసిపోయింది కాబట్టి. ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు. పాటలవాళ్ళు ఇంటికొస్తే టీ పోసి, పళ్ళెంలో నిప్పట్లు పెట్టి, తలుపు పక్కన నిలబడి తన నక్షత్రాన్ని కళ్ళెత్తి చూసేది. మొన్న వానాకాలంలో గుండె ఆగి పోయింది.

ఇస్సాకుకు మాటిచ్చిన మర్నాడే దేవరాజు పనికి పోకుండా చట్రం కట్టాడు. చక్కగా కుదిరింది. ఆమె ట్రంకుపెట్టెలో మిగిలిన ఎర్ర కాగితాలు తీశాడు. సిమెంటుకు పగిలిన వేళ్ళు కాగితాన్ని పట్టుకుని పీకాయి. గంజి ఉండలు కట్టింది. మడత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కళ్ళ ముందే ఇన్నేళ్ళు జరిగిన పని. ఒక్కసారైనా చూసి ఉంటే కదా. పొద్దు వాలేసరికి చిరిగిన ముక్కలు ఒళ్ళంతా అంటుకుని కూర్చున్నాడు.

ఆ వారమే నంద్యాల బస్సెక్కాడు. బజారులో ఒక దుకాణం నిండా నక్షత్రాలు వేలాడుతున్నాయి. మడత విప్పితే నిలబడే అట్ట నక్షత్రాలు. ఎర్రదాన్ని ఏరుకున్నాడు.

"పిల్లోళ్ళకా అన్నా?" అన్నాడు దుకాణమతను.

"ఆఁ, పిల్లోళ్ళకే."

కూతురు కీర్తన ఇల్లు ఆ బజారుకు ఎంతో దూరం లేదు. నంద్యాలకు వచ్చి కూతురి గడప తొక్కకుండా దేవరాజు ఎప్పుడూ తిరిగిపోలేదు. ఆ రోజు సంచిని కడుపుకు హత్తుకుని, తెలిసిన ముఖం ఏదైనా ఎదురవుతుందేమోనని గోడ వారగా బస్టాండుకు నడిచాడు. ఇంటికొచ్చి దాని మీది చీటీ గీకేసి, తన వెదురు చట్రానికి బిగించాడు.

పాటలు మొదలైన సాయంత్రం నక్షత్రం వెలిగింది. మిషను కొట్టిన చిల్లులు, అన్నీ ఒక్క కొలత. సన్నజాజి తీగ లేదు. ఎవరైనా అడుగుతారని దేవరాజు భయపడ్డాడు. ఎవరూ అడగలేదు. దుఃఖంలో ఉన్నవాడి చేతిపనికి వంక పెట్టేదెవరు? పైగా సంఘంలోని రాజమ్మవ్వ దగ్గరకొచ్చి అతని రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.

"పెండ్లాం పోయిన ఏడు కూడా దేవుని పని మానలేదు నాయనా! నీ చేతులు చల్లగుండ."

దేవరాజుకు ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

పండగ ముందురోజు కీర్తన పిల్లలతో వచ్చింది. గుడి ముందు బస్సు దిగినప్పుడే అక్కడ కట్టిన నక్షత్రాన్ని చూసింది. పొయ్యి దగ్గర కూర్చుని నిప్పట్లు తట్టుతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఆ స్టారు యాడ కొన్న్యావు నాయనా?"

"నంద్యాలలో."

"ఆడికొచ్చి మా ఇంటికి రాలేదా?"

దేవరాజు నూనె మూకుడులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఇస్సాకు పెద్దనాయన దోవలోనే పట్టుకున్న్యాడు నన్ను. మీ నాయన చెయ్యి బంగారమ్మా అంటాడు. నేనేం చెప్పాల? అమ్మ చేసింది నీ పేరున పోయింది, సరే, ఆమెకే పట్టలేదు. ఇప్పుడు అంగట్లోది కూడా నీ పేరునేనా?"

"చెప్తాలేమ్మా."

"యాడ చెప్తావు?"

"గుళ్ళోనే. అందరి ముందర."

క్రిస్మస్ ఉదయం సాక్ష్యాల వేళ దేవరాజు లేచాడు. పండగనాడు ఎవరైనా నిలబడి ఆ ఏడు తమకు జరిగినది చెప్పుకోవచ్చు. అతను ఎప్పుడూ లేవలేదు. అందరి తలలూ అటు తిరిగాయి.

"నక్షత్రం... నాది కాదు," అన్నాడు. "నేనెప్పుడూ చేయలేదు. అంతా సువార్తమ్మే. నాదేం లేదు."

ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. "స్తోత్రం" అన్నారెవరో. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చూసినారా, ఎంత తగ్గింపు, ఎంత వినయం! తన చేతిలో ఆమే ఉండి చేయించిందంటున్నాడు. భార్యను ఇట్లా గౌరవించేవాళ్ళు ఎంతమంది ఉన్నారు మనలో?"

అట్లా కాదు, దుకాణంలో కొన్నాను అని చెప్పడానికి దేవరాజు నోరు తెరిచాడు. అప్పటికే అయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నారు. అందరూ తలలు వంచారు. అతనూ వంచాడు. ఆమెన్ అన్నాక మళ్ళీ లేవొచ్చు. లేవలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి కీర్తన చూస్తున్నదని తెలుసు. అటు చూడలేదు.

మర్నాడు వాకిట్లో, నలుగురూ నడిచే చోట, చాప పరిచి, కొత్త వెదురు చట్రం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కాగితం చిరిగితే చిరిగినచోటే ఇంకో ముక్క అంటించాడు. కీర్తన సాయం వస్తే వద్దన్నాడు. సూదితో పొడిస్తే పువ్వు రాలేదు, బొక్కలు పడ్డాయి. ఒక కోణం లోపలికి పోయింది, ఇంకోటి ఉబ్బింది. దాన్ని తీసుకెళ్ళి తలుపు పైన కట్టాడు.

సాయంత్రం ఆ దారినే పోతూ ఇస్సాకు ఆగాడు.

"ఏందప్పా ఇది? కీర్తన పిల్లోళ్ళు చేసినారా?"

"నేను చేసినా."

"తమాషాలు చేయగాకు."

"గుడికాడిది నంద్యాల బజార్లో కొన్న్యా అన్నా. అంతకు ముందువన్నీ సువార్తమ్మ చేసింది. నాకొచ్చేది ఇదీ."

ఇస్సాకు నవ్వబోయి, దేవరాజు ముఖం చూసి మానుకున్నాడు. మళ్ళీ నక్షత్రం వైపు చూశాడు, ఈసారి చాలాసేపు.

"అయితే నిన్న నువ్వు చెప్పింది..."

"ఉన్నదే చెప్పినా. సగమే చెప్పినా."

ఇస్సాకు అరుగు మీద కూలబడ్డాడు.

"ఎన్నిసార్లు వచ్చింటిమప్పా ఈ ఇంటికి! టీ బాగుందమ్మా అనేసి పోతాంటిమి. ఆయమ్మ నవ్వుతాండె." కొంచెం కోపంగానే, "నువ్వు ఆడనే నిలబడి ఉంటివి గదా?" అన్నాడు.

"ఉంటి."

దేవరాజు లోపలికి పోయి స్విచ్చి వేశాడు. అతుకుల సందుల్లోంచి వెలుతురు చారలు చారలుగా గోడ మీద పడింది. అతను తన చేత్తో కట్టిన గోడ, వంకర లేనిది.

పాటలవాళ్ళ పిల్లలు అటు పోతూ దాన్ని చూసి పకపకా నవ్వారు. "ఎవురు చేసినారు మామా?" అని అరిచారు.

దేవరాజు గడప దాటి బయటికొచ్చి, వాళ్ళకూ చెప్పాడు.