నిలబెట్టి అచ్చేసిన రెక్కలు

రేడియో బాగు చేయించుకుందామని వెళ్ళిన నేను తలుపు తట్టకముందే గరుకు కాగితంతో ఏదో రుద్దుతున్న చప్పుడు వినిపించింది. లోపల రేడియో మెకానిక్ బొమ్మ రాకెట్టు రెక్కను వేళ్ళతోనే చూసుకుంటూ నున్నగా చేస్తున్నాడు. ఆయన చూపు, అంచులు కాలుతున్న కాగితంలా, చుట్టూరా నల్లబడుతోంది. ఇక నెల రోజులేనన్నాడు డాక్టరు. ఈలోగా తన చేత్తో చేసిన రాకెట్టు ఎగరడం చూడాలి.

ఇంట్లోని త్రీడీ ప్రింటరులో రెక్కను పడుకోబెట్టి అచ్చేస్తే గట్టిగా వస్తుంది, కానీ ఒక్కోదానికి ఒక రోజు పడుతుంది. నిలబెడితే నాలుగు రెక్కలూ ఒకేసారి అచ్చవుతాయి, ఒకదానిపై ఒకటి పేరుకునే పొరల మధ్య పట్టు మాత్రం తక్కువ. ఆయన నిలబెట్టే వేశాడు.

“అంత తొందరేంట్రా, రైలేమైనా వెళ్ళిపోతోందా?” అంది పక్కనే ఉన్న ఆయన అక్క.

“నేను ఆగుతానే, నా కళ్ళు ఆగుతాయా?”

మర్నాడు మైదానంలో మా ఇద్దరి ముందు మీట నొక్కాడు. నాలుగంతస్తుల ఎత్తు లేచిన రాకెట్టు ఒక్కసారిగా తల తిప్పి నేలను గుద్దింది. ఆయన గడ్డిలో తడుముతూ ముక్కలు ఏరాడు. రెక్క సరిగ్గా పొర వెంటే విరిగింది.

నేను నిలబడ్డ చోటికి కాస్త పక్కగా తిరిగి అడిగాడాయన:

“నాకు పొగ ఒక్కటే కనిపించిందండీ. విరిగేదాకా తిన్నగానే వెళ్ళిందా?”